ఏ ఊరి నీళ్లకు ఆ మోతాదు
(నల్లగొండలో ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో ఒక మనస్తత్వ నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లలు, బడి పంతుళ్లు ఇంతమంది ఆదివారం పూట ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చారు కనుక, ఉపోద్ఘాతం తగ్గించి నేరుగా విషయంలోకి వెళతాను.

నల్లగొండలో నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి నీళ్లతోనే మొదలుపెడతాను. మన జిల్లా పేరు మీద ప్రపంచంలో ఒక పద్ధతి ఉన్నది. తాగునీటిలోని ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తగ్గించే విధానాన్ని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టింది. ఆ పేరుతోనే అది ఇథియోపియాకు, కెన్యాకు, టాంజానియాకు వెళ్లింది. పెద్ద ట్యాంకులు కట్టుకోలేని టాంజానియా ఇళ్లలో రెండు బకెట్లు, వడగట్టడానికి ఒక గుడ్డ పెట్టుకొని అదే పని చేసుకున్నారు. పటిక, సున్నం వేసి కలపడం, తేరనివ్వడం, వడగట్టడం అనే వరస ఎక్కడా మారలేదు. మారింది పాత్ర, మారింది మోతాదు. నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అని ముందుగా పరీక్షించకుండా, పక్క ఊరి లెక్క ప్రకారం పటిక వేస్తే ఫ్లోరైడ్ దిగవలసినంత దిగకపోవచ్చు, పైగా అల్యూమినియం నీళ్లలో మిగిలిపోవచ్చు. మంచి చేయబోయి ఇంకొకటి కలిపినట్టవుతుంది.

నేను ఈ రోజు చెప్పబోయేది మనసుకు సంబంధించిన ఒక సాధన గురించి. ఒక దేశపు ఆసుపత్రిలో తయారైన ఆ సాధనను ఇక్కడి మనుషుల చేతికి ఇచ్చేటప్పుడు చేయవలసిన పని కూడా సరిగ్గా ఇదేనని, ముందు ఇక్కడి నీళ్లను పరీక్షించాలని, తొమ్మిదేళ్లుగా ఈ జిల్లా పల్లెల్లో తిరిగిన తర్వాత నాకు గట్టిగా అర్థమైంది.

ఆ సాధన పేరు మైండ్‌ఫుల్‌నెస్ బేస్డ్ స్ట్రెస్ రిడక్షన్, అంటే ధ్యాసతో ఒత్తిడిని తగ్గించుకోవడం, పొట్టిగా ఎంబీఎస్ఆర్. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్ జిన్ దీనిని ప్రారంభించారు. ఆయన వైద్యుడు కారు. ఎంఐటీలో అణుజీవశాస్త్రంలో డాక్టరేట్ చేసిన శాస్త్రవేత్త, కొరియా దేశపు జెన్ గురువు సంగ్ సాన్ దగ్గర ధ్యానం నేర్చుకున్న మనిషి. మందులతో, ఆపరేషన్లతో తగ్గని దీర్ఘకాలిక నొప్పులున్న రోగులను తన దగ్గరికి పంపమని డాక్టర్లను అడిగి, వారితోనే పని మొదలుపెట్టారు. కార్యక్రమం ఎనిమిది వారాలు సాగుతుంది. వారానికి ఒకసారి రెండున్నర గంటల తరగతి, ఆరో వారం ప్రాంతంలో ఒక రోజంతా మౌనంగా సాధన, ఇంటి దగ్గర వారానికి ఆరు రోజులు, రోజుకు ముప్పావు గంట అభ్యాసం ఉంటాయి. వెల్లకిలా పడుకొని కాలి వేళ్ల నుంచి నడినెత్తి దాకా ఒళ్లంతా ధ్యాసతో తడిమి రావడం, కూర్చొని ఊపిరిని చూడటం, తేలికైన ఆసనాలు, నడక, మొదటి రోజున ఒక్క కిస్మిస్ పండును ఎన్నడూ చూడని వస్తువులా చూసి, ముట్టి, వాసన చూసి నిదానంగా తినడం ఇందులోని భాగాలు.

ఇది పనిచేస్తుందా అని అడగడం మీ హక్కు. 2016లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధనలో, చాలాకాలంగా నడుము నొప్పితో ఉన్న 342 మందిని మూడు జట్లుగా విడదీసి చూశారు. ఆరు నెలలకు రోజువారీ పనులు చేసుకోవడంలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించినవారు మామూలు చికిత్స జట్టులో సుమారు 44 శాతం ఉండగా, ఈ సాధన చేసిన జట్టులో సుమారు 61 శాతం ఉన్నారు. ఆలోచనా విధానాన్ని సరిదిద్దే సీబీటీ చికిత్స పొందిన జట్టు కూడా దాదాపు ఇదే స్థాయిలో మెరుగుపడింది. 2022లో వచ్చిన ఇంకొక పరిశోధన, ఆందోళన రుగ్మతలున్న 276 మంది మీద చేసినది, ఈ సాధన ఎస్సిటలోప్రామ్ అనే మందుకు తీసిపోదని చూపించింది. ఇవి చిన్న విషయాలు కావు. అయితే అవి అమెరికాలో, అక్కడి మనుషుల మీద, అక్కడి భాషలో వచ్చిన ఫలితాలు. నడుము నొప్పి పరిశోధనలో కూడా ఎనిమిది తరగతుల్లో ఆరింటికైనా హాజరైనవారు సుమారు సగం మందే. అక్కడే సగం మంది జారిపోతే, పత్తి ఏరే రోజుల్లో మన దగ్గర ఎంతమంది నిలుస్తారో మీరే ఊహించండి.

పుట్టిన ఊళ్లోనే ఈ కార్యక్రమం మారవలసి వచ్చిందన్న సంగతి మనకు ధైర్యాన్ని ఇవ్వాలి. 1992లో, ఆ వైద్య కళాశాల ఉన్న ఊస్టర్ పట్టణంలోనే, పేదలు ఉండే బస్తీలో, వాళ్లు రెండో కేంద్రం తెరిచారు. అక్కడ చాలామందికి స్పానిష్ మాతృభాష. ఫీజు తీసేశారు, రావడానికి పోవడానికి బండి ఏర్పాటు చేశారు, తల్లులు లోపల సాధన చేస్తుంటే పిల్లలను చూసుకోవడానికి మనుషులను పెట్టారు, రెండు భాషల్లో నేర్పారు. పిల్లలను చూసుకునే మనిషి లేకపోతే తల్లి మనసు ఊపిరి మీద నిలుస్తుందా? ఆ ఏర్పాటు కూడా చికిత్సలో భాగమేనని వాళ్లు గుర్తించారు.

ఇక్కడ ఒక మాట పక్కకు చెప్పుకోవాలి. "ఇది మనదే కదా, మన బుద్ధుడిదే కదా, మనకు మళ్లీ నేర్పేదేమిటి?" అని సభల్లో ఎవరో ఒకరు అడుగుతారు. అడగడంలో న్యాయం ఉంది. నాగార్జునకొండ మన జిల్లా అంచున ఉంది. ఇక్ష్వాకుల కాలంలో, అంటే మూడో శతాబ్దంలో, అక్కడి విహారాలలో భిక్షువులు చేసిన సాధనకూ దీనికీ చుట్టరికం ఉన్నది. ఫణిగిరి గుట్ట మీద స్తూపం ఉన్నది. నాగార్జునసాగర్ దగ్గర ఇప్పటికీ విపశ్యన ధ్యాన శిబిరాలు జరుగుతున్నాయి. కానీ వంశం మనదైనంత మాత్రాన వాడుక మనదవదు. పదిహేడు వందల ఏళ్ల కిందటి రాయి మన గుట్ట మీద ఉన్నదని, మర్రిగూడ మండలంలో మోకాళ్లు వంగని ఒక పెద్దమ్మకు ఈ సాధన దానంతట అదే వచ్చేయదు. గర్వం వేరు, పని వేరు.

ఇప్పుడు మాటల దగ్గరికి వస్తాను, ఎందుకంటే నేను మొట్టమొదట తప్పు చేసింది మాటల దగ్గరే.

నా మొదటి జట్టు పద్నాలుగు మంది ఆడవాళ్లు. ఎక్కువమంది యాభై దాటినవారు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయినవారు. నేను హైదరాబాద్‌లో చదువుకున్న భాషలో, "మీ శ్వాసను గమనించండి, ప్రస్తుత క్షణంలో ఉండండి, తీర్పులు చెప్పకండి" అన్నాను. వాళ్లు మర్యాదగా తలలూపారు. తీర్పు అంటే వాళ్లకు కచేరీ, పెద్దమనుషుల పంచాయితీ. ప్రస్తుత క్షణం అనేది రేడియో భాష. మూడో వారానికి ఆరుగురు మిగిలారు.

మైండ్‌ఫుల్‌నెస్ అనే మాటకు మన పుస్తకాలలో ఎరుక అని రాస్తారు. అందమైన మాట. కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో దానికి ఇప్పటికే మూడు పనులున్నాయి. "నీకెరుకేనా?" అంటే నీకు తెలుసా అని. ఎరుక చెప్పడం అంటే సోది చెప్పడం, ఎరుకలసాని చేయి చూసి రాబోయేది చెప్పడం. ఇక అచల గురువుల తత్వాలు పాడుకునే ఇళ్లలో ఎరుక అంటే వదిలించుకోవలసినది. ఎరుకను విడిచి బయలులో కలవాలని వారి బోధ. ఒక ఊళ్లో తంబుర మీద తత్వాలు పాడే ఒక పెద్దాయన నన్ను ఎంతో సౌమ్యంగా అడిగారు: "బిడ్డా, మా గురువు ఎరుకను విడువమన్నడు, నువ్వు ఎరుకను పట్టమంటవు, ఏది నిజం?" ఆయనకు సమాధానం చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆయన విడవమంటున్నది నేను, నాది అనే పట్టు. నేను పట్టుకోమంటున్నది, ఇప్పుడు ఒంట్లో ఏం జరుగుతున్నదో తెలిసి ఉండటం. మాట ఒకటే, సరుకు వేరు. ఆయన ఒప్పుకున్నారు, కానీ నేను ఆ మాటను వాడటం మానేశాను.

అప్పుడు వాళ్ల మాటలను వినడం మొదలుపెట్టాను. పాలు పొంగిపోతే కోడలిని అత్త ఏమంటుంది? "సోయి యాడ పెట్టినవ్?" అంటుంది. దెబ్బ తగిలి పడిపోయినవాడు తేరుకుంటే "సోయిలకొచ్చిండు" అంటారు. సోయి! ఇంతకంటే సరైన మాట నాకు ఏ నిఘంటువులోనూ దొరకలేదు. దానికి తోడు యాది. మైండ్‌ఫుల్‌నెస్ అనే ఇంగ్లీషు మాటను 1881లో రీస్ డేవిడ్స్ అనే పండితుడు పాళీ భాషలోని ఒక మాటకు అనువాదంగా వాడారు. ఆ పాళీ మాట సంస్కృతంలోని స్మృతికి రూపాంతరం. స్మృతి అంటే జ్ఞాపకం, మన పల్లె మాటలో యాది. జారిపోయిన మనసును మళ్లీ ఇక్కడికి తేవాలన్న సంగతి యాదికి రావడమే ఆ సాధనలో సగం పని. ఇక బుద్ధుడు చివరి మాటగా శిష్యులకు చెప్పిన అప్రమత్తతను, ఊరికి పోయే బిడ్డతో తల్లి ఏ మాటలో చెబుతుందో మీకందరికీ తెలుసు: పైలం బిడ్డా, పైలం. సోయి, యాది, పైలం. ఈ మూడు మాటలతో నేను ఎనిమిది వారాలు నడపగలను. "ఊపిరి మీద సోయి పెట్టుండ్రి. సోయి జారితే యాది చేసుకోని మల్ల తెచ్చుకోండ్రి." ఒక ఊరి అంగన్‌వాడీ ఆయా గొంతుతో ఈ మాటలను రికార్డు చేయించి ఫోన్లలో పంపాము. నా గొంతుతో చేసిన రికార్డును ఎవరూ రెండోసారి వినలేదు. ఆమె గొంతును పొద్దున పొయ్యి దగ్గర పెట్టుకొని వింటున్నారు.

ఒత్తిడి అనే మాట కూడా అంతే. ఆ మాటను ఎవరూ వాడరు. టెన్షన్ అంటారు, బీపీ లేస్తున్నది అంటారు, గుండెల దడ అంటారు, గ్యాస్ అని మాత్రలు మింగుతారు. లోపలి మాట అడిగితే రంది అంటారు. కొడుకు పట్నం పోయి ఫోన్ చేయకపోతే రంది, మిత్తి పెరిగిపోతుంటే రంది. రందిలో బెంగ ఉన్నది, భయం ఉన్నది, ప్రేమ కూడా ఉన్నది. ఒత్తిడిని తగ్గిస్తానంటే వాళ్లకు పట్టదు. రందిని మోసే తీరు మార్చుకుందామంటే కూర్చుంటారు.

కిస్మిస్ సంగతి చెబుతాను. మొదటి రోజు అందరి చేతుల్లో ఒక్కొక్క కిస్మిస్ పెట్టాను. ముగ్గురు కళ్లకద్దుకొని, నేను ఏదైనా చెప్పేలోపే నోట్లో వేసుకున్నారు. చేతిలో పెట్టిన చిన్న తీపి వస్తువు వాళ్లకు ప్రసాదం. తొమ్మిదిమంది కొంగున ముడి వేసుకున్నారు, మనవడికి ఇవ్వడానికి. నేను చెప్పినట్టు నిదానంగా తిన్నవారు ఇద్దరే. నేను అప్పుడు నిరాశపడ్డాను కానీ, ఆ కొంగు ముడి నాకు ఏ శిక్షణలోనూ దొరకని పాఠం చెప్పింది: తీపి వస్తువు దొరికితే తాను తినడం అనేది ఈ ఆడవాళ్లకు అలవాటు లేని పని.

మరుసటి జట్టుకు బత్తాయి తీసుకెళ్లాను. నల్లగొండ బత్తాయి తోటల్లో కూలికి పోనివారు ఆ జట్టులో ఒక్కరూ లేరు. మనవళ్లకు ఇంటికి తీసుకుపోవడానికి మనిషికొక కాయ విడిగా ముందే ఇచ్చేశాను, అప్పుడు చేతిలోని కాయ ఆమెదే అవుతుంది. తోలు తీసేటప్పుడు గోటి కింద చిమ్మే నూనె, ఆ ఘాటు, తొన మీద గూడులా అల్లుకున్న తెల్లటి పీచు, వెలుతురుకు పట్టుకుంటే లోపల ఇసుక రేణువుల్లా మెరిసే రసపు గింజలు, పంటి కింద పడిన విత్తనం చేదు, అన్నింటి మీదా సోయి పెట్టమన్నాను. పావుగంట ఎవరూ మాట్లాడలేదు. ఒక అవ్వ చివరికి అన్నది: "ఇరువై ఏండ్ల సంది కాయలు తెంపుతున్న మేడం. ఒక్క తొన గిట్ల తినలే." ఆ తర్వాత ఆమె ఏడ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు, అడగనవసరం లేదని జట్టుకు తెలుసు.

పడుకొని చేసే సాధనలో మార్పులు ఇంకా ముఖ్యం. వెన్నెముక వంగి బిగుసుకున్న మనిషి వెల్లకిలా పడుకోలేదు. పడుకోగలిగినవారు కూడా నలుగురిలో, బయట మగవాళ్లు తిరుగుతుండగా, నేల మీద పడుకోవడానికి ఇష్టపడరు. దీపాలు పెట్టే వేళ అయితే అసలే పడుకోరు. శవాసనం అనే పేరు వినగానే ఒకామె లేచి వెళ్లిపోయింది, ఆ నెలలోనే ఆమె ఇంట్లో చావు జరిగింది. కనుక మేము గోడకు ఆనుకొని, కాళ్లు చాపుకొని, కళ్లు సగం తెరిచే చేస్తాము. కాలి వేళ్ల దగ్గర మొదలుపెట్టము. "మీ ఒంట్ల నొప్పి లేని జాగ ఏది?" అని అడుగుతాము. మొదట్లో అందరూ అటువంటి జాగ లేదంటారు. కొంచెం ఆగితే ఒకరు చెవి తమ్మె అంటారు, ఒకరు అరచేయి అంటారు, ఒకరు నాలుక అని నవ్వుతారు. అక్కడ మొదలుపెట్టి, నొప్పి ఉన్న మోకాలి అంచు దాకా వెళ్లి, అంచు మీద కాసేపు నిలబడి, మళ్లీ చెవి తమ్మెకు తిరిగి రావడం నేర్పుతాము. నొప్పి ఒకే గడ్డలా కాకుండా, సలుపుగా, పోటుగా, తిమ్మిరిగా విడివిడిగా తెలియడం మొదలైనప్పుడు, దానితో పాటు ఉండే బుగులు కొంత విడిపోతుంది. ఈ విడిపోవడమే కబాట్ జిన్ మొదటి రోగులతో చేసిన పని అని నా అవగాహన. మేము మార్చింది దారిని మాత్రమే.

మతం గురించి క్లుప్తంగా చెబుతాను. అమెరికాలో ఆయన సాధన నుంచి బౌద్ధ పదజాలాన్ని తీసేసి ఆసుపత్రి భాషలో పెట్టారు. ఇక్కడ ధ్యానం అనగానే, "ఏ స్వామి తరఫున?" అని అడుగుతారు. తలస్నానం చేసి రావాలా, మాంసం కూర తినవచ్చా అని అడుగుతారు. నెలసరి ఉన్న రోజున ఒక అమ్మాయి గడప బయటే నిలబడిపోయింది. ముస్లిం ఇళ్ల ఆడవాళ్లు, చర్చికి వెళ్లేవాళ్లు గంట శబ్దం వింటే వెనక్కి తగ్గుతారు. అందుకని గంట లేదు, ఓంకారం లేదు, పటం లేదు, అగరుబత్తి లేదు. మొదలుపెట్టడానికి స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడతాము. నెలసరి రోజుల్లో రావచ్చని, కూర తిని రావచ్చని మొదటి రోజే అందరికీ వినబడేలా చెబుతాము.

సాధన తర్వాత "ఎట్లా అనిపించింది?" అని అడగడం ఈ కార్యక్రమంలో ప్రాణం వంటి భాగం. మన దగ్గర దానికి ఒకే సమాధానం వస్తుంది: "మంచిగున్నది మేడం." నేర్పడానికి వచ్చిన మనిషి ముఖం మీద బాగాలేదని చెప్పడం అమర్యాద. అందుకే ఇప్పుడు నేను అడిగే ప్రశ్న వేరు: "ఎక్కడ యాష్టకొచ్చింది?" విసుగు రావడం ఖాయం అన్నట్టుగా అడిగితే, చెప్పడం మర్యాద అవుతుంది. ఒకామె, "నీ మాట వింటుంటే పాలోళ్ల పంచాయితీ యాదికొచ్చింది, నిన్ను రెండు తిట్టుకున్న" అన్నది. ఆ రోజు నుంచి ఆమె జట్టుకు పెద్దదిక్కు అయింది.

ఇప్పుడు అన్నింటికంటే జాగ్రత్తగా ఉండవలసిన చోటికి వచ్చాను. ఇక్కడ మోతాదు తప్పితే అల్యూమినియం మిగులుతుంది.

ఈ సాధనలో అంగీకారం అనే మాట ఉన్నది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఒప్పుకోవాలి అంటారు. అన్నింటినీ తన అదుపులో పెట్టుకోవాలని పెనుగులాడే అమెరికా ఉద్యోగికి ఆ మాట మందు. కానీ పుట్టినప్పటి నుంచి "నీ రాత ఇంతే, ఓర్చుకో" అని విని పెరిగిన ఆడమనిషికి అదే మాట చెబితే ఆమె ఏమి వింటుంది? తాగి కొట్టే మొగుణ్ని ఒప్పుకోమన్నట్టు వింటుంది. నీళ్లలో ఫ్లోరైడ్‌ను ఒప్పుకోమన్నట్టు వింటుంది. నా రెండో జట్టులో ఒకామె, ఐదో వారం తర్వాత, ఎంతో శాంతంగా అన్నది: "నువ్వు చెప్పినంక మంచిగైంది మేడం, అన్నీ రాసిపెట్టినట్టే అయితయని ఊకున్న." నా గుండె జారిపోయింది. నేను నేర్పినది ఆమె దగ్గరికి పూర్తిగా తలకిందులై చేరింది.

అందుకని ఒప్పుకోవడం అనే మాటను నేను పూర్తిగా మానుకున్నాను. దాని స్థానంలో చూసుకోవడం అంటాను. బావిలో నీళ్లు ఎంత లోతున్నాయో చూసుకున్న తర్వాతే చేద తాడు ఎంత పొడుగు కావాలో తెలుస్తుంది. చూసుకోవడం అంటే ఊకుండటం కాదు. ప్రతి తరగతి చివర పది నిమిషాలు ఇంకొక ప్రశ్నకు కేటాయిస్తాము: "ఈ వారం చూసుకున్నదాంట్ల, మనసుతో మోయవలసింది ఏది, మనిషిని పట్టుకొని అడగవలసింది ఏది?" అడగవలసినవి కాగితం మీద రాస్తాము: పింఛను కోసం వికలాంగ ధ్రువపత్రం, మిత్తి లెక్క, నల్లా రాని వీధి, ఇంట్లో దెబ్బలు. వాటి కోసం ఎవరి దగ్గరికి వెళ్లాలో జట్టు మాట్లాడుకుంటుంది. అమెరికా పాఠ్యప్రణాళికలో ఈ పది నిమిషాలు లేవు. ఇవి లేకుండా ఈ సాధనను మన పల్లెల్లో నేర్పకూడదని నేను నమ్ముతున్నాను.

ఆసు గురించి మీకు తెలుసు. పుట్టపాక, పోచంపల్లి చీరలకు నేతకు ముందు నూలును ఆసు అనే మేకుల చట్రం మీద పోయాలి. ఒక చీరకు ఆడమనిషి చేయి దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆ పని చేసిన తల్లి భుజాల నొప్పి చూసి, ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ తల్లికి ఆనాడు నావంటి మనిషి వచ్చి భుజం మీద సోయి పెట్టమని మాత్రమే చెప్పి ఉంటే, అది ఆమెకు అన్యాయం చేయడమే. యంత్రం తీర్చగల నొప్పికి యంత్రమే మందు. నీళ్లు తెచ్చిన జబ్బుకు ముందు మంచి నీళ్లు కావాలి, అందుకే మిషన్ భగీరథ నీళ్లు పల్లెలకు రావడం ఈ జిల్లాలో పెద్ద మందు. కానీ వంగిన ఎముకను కొత్త నీళ్లు వెనక్కి వంచలేవు. కృష్ణ నీళ్లు గడపలోకి వచ్చిన తర్వాత కూడా మోకాలు సలుపుతూనే ఉండే ఆ పెద్దమ్మ దగ్గర, ఆ మిగిలిన నొప్పి దగ్గర మాత్రమే నా పని మొదలవుతుంది.

ఇంకొక హెచ్చరిక ఆశా అక్కల కోసం. తీవ్రమైన కుంగుబాటులో ఉన్నవారిని, చనిపోవాలన్న ఆలోచన చెప్పినవారిని, ఎవరికీ కనబడనివి కనబడుతున్నాయనేవారిని ఈ జట్లలో కూర్చోబెట్టి సరిపెట్టవద్దు. వారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయవాణి నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

చివరగా పాలమూరు సంగతి. కోస్గి, మక్తల్ వైపు నుంచి వలసపోయే కుటుంబాలకు ఎనిమిది వారాలు ఒక్క చోట కూర్చునే వీలు లేదు. దసరా దాటితే గుంపు మేస్త్రీ వెంట ముంబైకో పుణెకో వెళ్లిపోతారు. మొదట నేను వాళ్లు వెళ్లేలోపు నాలుగు వారాల్లో ముగించాలని చూశాను, నిలవలేదు. మగవాళ్లు అసలే రాలేదు. పోయినేడు ఒక గుంపు మేస్త్రీ, అతని భార్య మా జట్టులో ఉన్నది, నన్ను అడిగాడు: "పది నిమిషాలల్ల అయ్యేటిది ఏమన్న ఉంటే చెప్పుండ్రి మేడం, పొద్దుగాల హాజరు తీసుకునేటప్పుడు అందరు ఒక్కతాన్నే ఉంటరు."

హాజరు! నేను ఎన్నో పుస్తకాల్లో వెతికిన మాట అతని నోట్‌బుక్కులో ఉన్నది. పేరు పిలిస్తే హాజర్ అంటారు. ఒళ్లు సెంట్రింగ్ పని దగ్గర ఉంటుంది, మనసు ఊళ్లో ముసలి తల్లి దగ్గర ఉంటుంది. ఇప్పుడు ఆ గుంపులో పేరు పిలిచిన తర్వాత హాజర్ అనడానికి ముందు ప్రతి మనిషి రెండు పాదాలను నేల మీద ఆనించి, మూడు ఊపిరులు తీసుకుంటాడు. పరంజా ఎక్కే పని కనుక, ఆ మూడు ఊపిరుల సేపు తాడు ముడి, పలక అంచు కూడా చూసుకుంటారు. ముప్పై ఇద్దరు మనుషులకు పావుగంట పడుతున్నది. కాంట్రాక్టర్ మొదటి వారం కోప్పడ్డాడని, తర్వాత ఏమీ అనలేదని మేస్త్రీ ఫోన్‌లో చెప్పాడు. సంక్రాంతికి వాళ్లు ఊరికి వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్కు తీసుకొని రమ్మన్నాను. ఏ రోజు ఎందుకు తప్పిందో అతను మార్జిన్‌లో రాసిపెడుతున్నాడు, దానిని చూసి వచ్చే ఏటికి సాధనను దిద్దుకుంటాము.

ప్రశ్నలు ఉంటే అడగండి.